అద్దె ఇళ్లలో దీపం: మహాబలిపురంలో బస చేసి ఒక్క రోజులో లైట్‌హౌస్‌లు చూసి రావడం ఎలా

లైట్‌హౌస్ చూడటానికి వెళ్లేవాళ్లు చాలామంది చేసేది ఒకటే. ఆయాసపడుతూ మెట్లెక్కుతారు, గాలికి రేగిన జుట్టుతో ఒక ఫోటో దిగుతారు, కిందికి వచ్చి కొబ్బరి బొండం తాగుతారు. అరగంటలో అయిపోయే ముచ్చట. అలా ఊరూరా తిరిగి పది లైట్‌హౌస్‌లు ఎక్కినా పదీ ఒకేలా గుర్తుంటాయి. అసలు లైట్‌హౌస్ రాత్రి పూట పనిచేసేది. మనల్ని లోపలికి రానిచ్చేదేమో పగలు, దానికి పని లేని వేళ. కాబట్టి దాన్ని సరిగ్గా చూడాలంటే రెండు ఏర్పాట్లు కావాలి. ఇప్పుడున్న కట్టడంలోకి రాకముందు ఆ దీపం ఎక్కడెక్కడ వెలిగిందో ఆ చోట్లన్నీ వరసగా చూడాలి. చీకటి పడ్డాక అది కళ్లకు కనిపించేచోట మన బస ఉండాలి.

ఈ రెండూ ఒక్క రోజులో కుదిరే చోటు మహాబలిపురం–చెన్నై తీరం. మహాబలిపురంలో దీపం మొదట 1887లో పల్లవుల నాటి గుడి కప్పు మీద వెలిగింది. తర్వాత పక్కనే రాతి బురుజు కట్టుకుని అందులోకి మారింది. చెన్నై దీపం ఇంకా ఎక్కువ తిరిగింది. 1796లో సెయింట్ జార్జి కోటలో సైనికాధికారుల భోజనశాల కప్పు మీద మొదలై, 1844లో రాతి స్తంభం మీదికి, 1894లో హైకోర్టు గోపురం మీదికి, చివరికి 1977లో మెరీనా ఒడ్డుకు చేరింది. అద్దె ఇల్లు, సొంతిల్లు, మళ్లీ అద్దె ఇల్లు, మళ్లీ సొంతిల్లు అన్నట్టుగా సాగిన సంసారం అది. రెండు ఊళ్లలోని ఈ ఆరు చిరునామాలూ ఒకే రోజు చూడవచ్చు. ఎక్కడానికి వీలున్నవి రెండే, మిగతా నాలుగూ నేల మీద నిలబడి చూడాల్సినవి. ఆ నాలుగింటి కోసమే ఈ తిరుగుడంతా అని నా లెక్క.

ఏ రోజు వెళ్లాలి

సగం జాగ్రత్త ఇక్కడే. చెన్నై లైట్‌హౌస్‌కు సోమవారం సెలవు. కోటలోని మ్యూజియానికి శుక్రవారం సెలవు. ఆదివారం సాయంత్రం మెరీనా దారిలో కారు ముందుకు కదలదు, మహాబలిపురం ఈస్ట్ కోస్ట్ రోడ్డు కూడా అంతే. శనివారం ఫరవాలేదు కానీ లైట్‌హౌస్ లిఫ్ట్ దగ్గర వరస పొడుగ్గా ఉంటుంది. మంగళ, బుధ, గురువారాల్లో ఒకటి ఎంచుకుంటే ఈ చిక్కులేవీ ఉండవు.

నెలల విషయానికొస్తే డిసెంబరు చివర నుంచి ఫిబ్రవరి వరకు హాయి. అక్టోబరు నుంచి డిసెంబరు నడిమి దాకా ఈశాన్య రుతుపవనాలు ఈ తీరాన్ని వదలవు. వాయుగుండం వార్త వినిపిస్తే ప్రయాణం మానుకోండి. ఏప్రిల్, మే నెలల్లో మధ్యాహ్నం మహాబలిపురం గుట్ట మీద కాలు పెట్టలేరు.

సందర్శకుల వేళలు రెండు పూటలుగా ఉంటాయి. సాధారణంగా ఉదయం పది నుంచి ఒంటిగంట వరకు ఒక పూట, మధ్యాహ్నం మళ్లీ తెరిచి ఐదు దాకా రెండో పూట. మన పథకమంతా ఈ రెండు పూటల మీదే నిలబడింది: ఉదయం పూట మహాబలిపురం ఎక్కాలి, సాయంత్రం పూట చెన్నై ఎక్కాలి. మరమ్మతులకో, భద్రతా కారణాలకో ఒక్కోసారి మూసేస్తారు, కాబట్టి ముందురోజు సాయంత్రం బస యజమాని చేత ఒక మాట కనుక్కోండి. మహాబలిపురం లైట్‌హౌస్‌ను భద్రతా కారణాలతోనే 2001 నుంచి 2011 దాకా సందర్శకులకు మూసేశారు. చెన్నైది కూడా చాలా ఏళ్లు మూతపడి 2013 నవంబరు 14న తిరిగి తెరుచుకుంది. ఇప్పుడు ఎక్కగలగడం అదృష్టమే.

గది ఎలా ఎంచుకోవాలి

సముద్రం ఒడ్డున బస అనగానే అందరూ అడిగేది సముద్రం కనిపించే బాల్కనీ. ఈ ప్రయాణానికి అది అనవసరం. మహాబలిపురంలో లైట్‌హౌస్ అలల పక్కన లేదు. ఊరి వెనక గుట్ట మీద, తీరానికి కాస్త లోపలగా ఉంది. సముద్రం వైపు తిరిగిన గదిలో కూర్చుంటే అది మీ వీపు వెనకే వెలుగుతూ ఉంటుంది. కాబట్టి గది కంటే డాబా ముఖ్యం. తీరాలయానికి (సముద్రపు ఒడ్డునున్న షోర్ టెంపుల్‌కు) ఉత్తరాన జాలరిపేట పక్క సందుల్లో చిన్న చిన్న అతిథిగృహాలు చాలా ఉన్నాయి. వాటిలో రెండు మూడు అంతస్తులున్నదీ, మేడపైకి రాత్రి పదింటి దాకా వెళ్లనిచ్చేదీ చూసుకోండి. ఫోనులో మాట్లాడేటప్పుడే ఈ రెండు ప్రశ్నలు వేయండి: "డాబా మీదికి రాత్రి వెళ్లవచ్చా? అక్కడి నుంచి లైట్‌హౌస్ కనిపిస్తుందా?" రెండో ప్రశ్నకు యజమాని తడుముకుంటే ఆయన ఎప్పుడూ అటు చూడలేదన్నమాట, ఒకసారి మేడెక్కి చూసి చెప్పమనండి.

పెద్ద రిసార్టులు ఊరికి దూరంగా, ఈస్ట్ కోస్ట్ రోడ్డు పొడవునా ఉన్నాయి. ఈత కొలనులు, పచ్చిక అంతా బాగుంటుంది. కానీ తెల్లవారుజామున గుట్టకు నడిచి వెళ్లే వీలు పోతుంది. ఈ ఒక్కసారికి ఊళ్లోని చిన్న బసే మేలు.

చెన్నైకి రైల్లో వచ్చేవాళ్లు ముందురోజే మహాబలిపురం చేరిపోవాలి. నెల్లూరు, తిరుపతి వాళ్లు పొద్దున్న బయల్దేరినా మధ్యాహ్నానికి చేరతారు. హైదరాబాదు, విజయవాడల నుంచి రాత్రి రైలెక్కితే ఉదయం చెన్నైలో దిగి, అక్కడి నుంచి కారో బస్సో పట్టుకోవచ్చు. రోజంతా తిరగడానికి డ్రైవరుతో సహా కారు మాట్లాడుకోండి. హైకోర్టు చుట్టుపక్కల బండి నిలపడానికి చోటు వెతుక్కోవడం మీ పని కాకుండా చూసుకోవాలి.

సంచిలో ఏమేం

నీళ్లసీసా. ముడులు వేసుకునే చెప్పులు లేదా బూట్లు, ఎందుకంటే జారే చెప్పులతో ఇనుప నిచ్చెన ఎక్కకూడదు. కళ్లజోడు పెట్టుకునేవాళ్లకు దానికో తాడు. టోపీ పెట్టుకుంటే పైన గాలికి అది మీది కాదు. దూరదర్శిని ఉంటే తప్పక తీసుకెళ్లండి, పిల్లలకు రోజంతా కాలక్షేపం. ఆధార్ లాంటి గుర్తింపు కార్డు తప్పనిసరి. చెన్నై కోటలో సచివాలయం ఉంది కాబట్టి తనిఖీ గట్టిగా ఉంటుంది. కొంచెం చిల్లర. లైట్‌హౌస్ టికెట్ పదుల రూపాయల్లోనే ఉంటుంది, కెమెరాకు వేరే టికెట్. ఇంకా ఒక చిన్న నోటు పుస్తకం, పెన్ను. రాత్రికి పనికొస్తాయి.

తెల్లవారుజామున: గుడి కప్పు మీది దీపం

ఆరుకల్లా గుట్ట దగ్గర ఉండండి. సూర్యోదయం కోసం ముందు ఒడ్డుకు వెళ్లాలనిపిస్తే ఇంకాస్త ముందు లేవాలి. కానీ తీరాలయం దగ్గర నీళ్లలోకి దిగవద్దు, అక్కడ లోపలికి లాగే అల గట్టిది.

గుట్ట మీద ముందు మహిషాసురమర్దిని గుహ వస్తుంది. ఒక గోడ మీద సింహం ఎక్కిన దుర్గ, ఎదుటి గోడ మీద శేషశయ్య మీద పడుకున్న విష్ణువు. ఒక పక్క అంత కోలాహలం, ఇంకో పక్క అంత ప్రశాంతత. దీన్ని చూడటానికే లోకమంతా వస్తుంది. మీరు కూడా చూడండి, చూసి తల పైకెత్తండి. గుహకు సరిగ్గా పైన, బండ కొసన రాళ్లు పేర్చి కట్టిన చిన్న గుడి కనిపిస్తుంది. అదే ఓలక్కణ్ణేశ్వరాలయం. ఎనిమిదో శతాబ్దం తొలినాళ్లది, పల్లవ రాజసింహుడి కాలపు శివాలయం. పై విమానం ఏనాడో పోయింది. మిగిలిన చదునైన కప్పు మీదే 1887లో దీపం పెట్టారు.

బండలో చెక్కిన నిటారు మెట్లెక్కి గుడి చుట్టూ ఒకసారి తిరగండి. ఎండ ఏటవాలుగా పడుతుంది కాబట్టి శిల్పాలు ఈ వేళే బాగా తేలతాయి. కైలాసాన్ని ఎత్తుతున్న రావణుడు, దక్షిణామూర్తి, అంతా ఉప్పుగాలికి అరిగి గుండ్రబడి ఉంటారు. తర్వాత సముద్రం వైపు తిరిగి నిలబడండి. తూర్పున తీరాలయం, దాని వెనక నీళ్లు. ఈ బండ మీద దీపం ఎందుకు పెట్టారో ఎవరూ చెప్పకుండానే అర్థమవుతుంది. చుట్టుపక్కల ఇంత ఎత్తు ఇంకెక్కడా లేదు. ఇది తప్ప అంతా ఇసుక, చవుడు, కాలువ. పల్లవులు గుడికి ఎంచుకున్న చోటునే పన్నెండు వందల ఏళ్ల తర్వాత ఓడల దీపానికీ ఎంచుకున్నారు. శివుడికి ఇబ్బందేమో గానీ, ఆ పనికి అంతకంటే మంచి చోటు లేదు.

గుడి పక్కనే, ఒక్క ఉరుకు దూరంలో, ఇప్పటి లైట్‌హౌస్ నిలబడి ఉంటుంది. రెండింటినీ ఒకే ఫోటోలో పట్టే కోణం గుహ ముందున్న ఖాళీ స్థలంలో దొరుకుతుంది. తొమ్మిది దాటితే ఆ స్థలం బడిపిల్లల విహారయాత్రలతో నిండిపోతుంది.

తర్వాత బసకు పోయి స్నానం, ఇడ్లీ, పొంగలి. పొంగలి తక్కువ తినండి, మెట్లున్నాయి.

ఉదయం పది: రాతి బురుజు ఎక్కడం

1900లో కట్టడం మొదలై 1904 నుంచి పూర్తిగా పనిచేస్తున్న బురుజు ఇది. ఎత్తు దాదాపు 26 మీటర్లు. గుండ్రం, పూర్తిగా రాయి. సున్నం కొట్టలేదు, రంగుల పట్టీలు లేవు. మన తీరంలో లైట్‌హౌస్‌లంటే ఎరుపు తెలుపు చారలకు అలవాటు పడ్డ కంటికి ఇది మొదట కోట బురుజులా అనిపిస్తుంది. ఆవరణలో ఒక చిన్న మ్యూజియం ఉంది. ఎక్కే ముందు అది చూడండి, దిగాక ఓపిక ఉండదు.

మ్యూజియంలో చూడాల్సింది పాత కటకాలు. గాజు పట్టకాలను వలయాలు వలయాలుగా ఇత్తడి చట్రంలో పేర్చి ఉంటారు. ఫ్రాన్సుకు చెందిన ఫ్రెనెల్ అనే శాస్త్రవేత్త 1820లలో రూపొందించిన పద్ధతి ఇది. మామూలు దీపం వెలుగు నలుదిక్కులా చెదిరిపోతుంది. పైకి, కిందికి పోయే వెలుగు ఓడలకు దండగ. ఈ పట్టకాలు ఆ దండగ వెలుగును వంచి, సముద్రం మట్టాన అడ్డంగా వెళ్లే ఒక్క పట్టీగా చేస్తాయి. మందమైన గాజుగుండు పోతపోస్తే మోయలేనంత బరువు. దాన్ని వలయాలుగా కోసి, పనికిరాని గాజు తీసేసినట్టు ఊహించుకుంటే సరిపోతుంది. దగ్గరగా వంగి చూస్తే ఒక్కో పట్టకంలో మీ ముఖం ఒక్కో ఎత్తులో, కొన్నింటిలో తలకిందులుగా కనిపిస్తుంది. గాజును తాకకండి. వేలి జిడ్డు వదిలించడం పెద్ద పని.

ఇక ఎక్కడం. లోపల మెలి తిరిగిన రాతి మెట్లు. మధ్యమధ్యలో చిన్న కిటికీలు, వాటి గుండా గాలి ఈల వేస్తుంది. మెట్లు కష్టమేమీ కాదు. పైకి వచ్చాక ఉండే ఇనుప నిచ్చెన దగ్గరే జాగ్రత్త. నిటారుగా ఉంటుంది, పై సందు ఇరుకు. ఎదురుగా ఎవరైనా దిగుతుంటే ఆగాలి. చీర కట్టుకున్నవాళ్లు కుచ్చిళ్లు దోపుకోవాలి, బరువు సంచులు కిందే వదిలేయాలి. మోకాళ్ల నొప్పులున్న పెద్దలను బలవంతపెట్టవద్దు. వాళ్లకు సాయంత్రం లిఫ్ట్ ఉన్న చెన్నై లైట్‌హౌస్ ఉంది. దిగేటప్పుడు నిచ్చెనకు ముఖం పెట్టి, వెనక్కి దిగాలి. మామూలు మెట్లలా ముందుకు దిగబోయి తలకు బొప్పి కట్టించుకునేవాళ్లు ఎప్పుడూ ఉంటారు.

పైన వరండాలో గాలి తోస్తుంది. గోడకు ఆనుకుని మొదట ఒక నిమిషం నిలబడి, తర్వాత చుట్టూ తిరగండి. తూర్పున తీరాలయం బొమ్మలా కనిపిస్తుంది. దక్షిణాన అయిదు రథాలు, ఆ వెనక దూరంగా కల్పాక్కం అణువిద్యుత్ కేంద్రం గోపురాలు. పడమర చవుడు నేలల మధ్య మెరిసే గీత బకింగ్‌హామ్ కాలువ. నెల్లూరు జిల్లా గుండా దిగివచ్చే అదే కాలువ ఇక్కడిదాకా వచ్చింది. ఒకప్పుడు ఉప్పు, ధాన్యం, కట్టెల పడవలు మన వైపు నుంచి ఈ నీళ్లమీదే మద్రాసుకు వెళ్లేవి. పొద్దున్న మీరు చుట్టూ తిరిగిన గుడి కప్పు ఇప్పుడు మీ కాళ్ల కింద ఉంటుంది. దీపం ఉద్యోగం ఎన్ని అడుగులు మారిందో లెక్కపెట్టవచ్చు.

లాంతరు గదికి తెరలు వేసి ఉంటే ఆశ్చర్యపోకండి. రాత్రి వెలుగును బయటికి తోసే కటకం పగలు ఎండను లోపలికి లాగి ఒకచోట కుప్పపోస్తుంది, అది నిప్పంటించగలదు. అందుకే లైట్‌హౌస్‌లలో పగటిపూట తెర వేయడం పాత ఆచారం. ఫోటోల నిబంధనలు మారుతుంటాయి, సిబ్బందిని అడిగి తీయండి. డ్రోన్ ఆలోచన పెట్టుకోవద్దు.

దారిలో ఆగకండి

పదకొండుంపావుకల్లా కారెక్కాలి. చెన్నై కోట దాకా 60 కిలోమీటర్ల లోపే. కానీ దారి పొడవునా ఊరించేవి ఎక్కువ: వడనెమ్మేలి మొసళ్ల కేంద్రం, తిరువిడందై పెరుమాళ్ గుడి, కోవళం తీరం, దక్షిణచిత్ర, ముట్టుకాడు పడవలు. ఒక్కోటీ ఒక పూట తినేస్తుంది. వీటి కోసం ఇంకో రోజు ఉంచుకోండి.

మధ్యాహ్నం: కోట, స్తంభం, గోపురం

సెయింట్ జార్జి కోటలోకి తనిఖీ దాటి వెళితే ఎడమ కుడి చూడకుండా మ్యూజియం భవనం అడగండి. 1790లలో కట్టిన ఈ భవనంలో వర్తకుల సమావేశ మందిరం, తర్వాత సైనికాధికారుల భోజనశాల ఉండేవి. 1796లో మద్రాసు మొదటి దీపం దీని కప్పు మీదే. కొబ్బరినూనెతో వెలిగే వత్తులు, వాటి వెనక అద్దాలు. కప్పు మీదికి ఎవరినీ పోనివ్వరు, పోయినా అక్కడ ఇప్పుడేమీ లేదు. బయట నిలబడి పైకి చూసి ఒక మాట గుర్తుచేసుకోండి: అప్పటికి మద్రాసుకు రేవే లేదు. ఓడలు దూరంగా నీళ్లలో లంగరేసుకుని ఆగేవి. మనుషులనూ సరుకునూ మసూలా పడవల్లో (పలకలను తాళ్లతో కుట్టి చేసిన నాటు పడవలు) కెరటాల మీదుగా ఒడ్డుకు తెచ్చేవారు. రాత్రివేళ వచ్చే ఓడ ఎక్కడ ఆగాలో తెలుసుకోవడానికి ఆ నూనె వత్తుల వెలుగే ఆధారం. మ్యూజియం లోపల 1947 ఆగస్టు 15న ఈ కోట మీద ఎగిరిన జాతీయ జెండాను భద్రపరిచారు. దానికి పది నిమిషాలు కేటాయించండి.

కోట నుంచి ఉత్తరంగా, నడిచి వెళ్లగలిగినంత దూరంలోనే హైకోర్టు. ఇక్కడ రెండు చిరునామాలు ఒకే ఆవరణలో ఉన్నాయి. మొదటిది 1844 నాటి రాతి స్తంభం. పల్లావరం నల్లరాతితో గ్రీకు పద్ధతిలో నిలబెట్టిన 125 అడుగుల కంభం. చుట్టూ ఎర్ర ఇటుకల మహాభవనం వచ్చాక ఇది చెట్ల మధ్య మరుగున పడింది. అంత పొడుగ్గా ఉండి కూడా ఇంత మందికి తెలియని కట్టడం చెన్నైలో ఇంకోటి లేదనుకుంటాను.

రెండోది తల ఎత్తితే కనిపిస్తుంది. 1892లో తెరిచిన హైకోర్టు భవనపు ప్రధాన గోపురం మీద, 1894లో, దీపం మళ్లీ ఒకరి నెత్తికెక్కింది. ఈసారి న్యాయస్థానం నెత్తికి. సముద్రమట్టానికి 53 మీటర్ల ఎత్తున 1977 దాకా అక్కడే వెలిగింది. తెలుగువాళ్లకు ఈ గోపురంతో పాత లెక్కలున్నాయి. 1954లో గుంటూరులో ఆంధ్ర హైకోర్టు ఏర్పడేదాకా కోస్తా, రాయలసీమ జిల్లాల అప్పీళ్లన్నీ ఇక్కడికే వచ్చేవి. శ్రీకాకుళం నుంచి చిత్తూరు దాకా పొలం గట్టు తగాదాలు, దాయాదుల పంపకాలు మోసుకుని వచ్చిన మన తాతలు ఈ దీపం కిందే వాయిదాల కోసం పడిగాపులు పడ్డారు. మీ ఇంట్లో పెద్దవాళ్లెవరైనా "చెన్నపట్నం కోర్టుకు తిరిగి తిరిగి ఆస్తి కరిగిపోయింది" అని అంటుంటే, ఆ కోర్టు ఇదే.

లోపలికి వెళ్లే ప్రయత్నం చేయకండి. పనిరోజుల్లో భద్రత గట్టిగా ఉంటుంది, కేసు లేనివాళ్లకు అక్కడ పని లేదు. సముద్రం వైపు రోడ్డు మీద, ఎదురు కాలిబాట నుంచి గోపురం, దాని తల మీది లాంతరు గది స్పష్టంగా కనిపిస్తాయి. దూరదర్శిని ఇక్కడ తీయండి. ప్రహరీ గోడ దగ్గర ఒక ఫలకం కూడా ఉంది. 1914 సెప్టెంబరు 22 రాత్రి జర్మనీ యుద్ధనౌక ఎమ్‌డెన్ మద్రాసు మీద గుండ్లు కురిపించిన గుర్తు అది. రేవు దగ్గరి చమురు ట్యాంకులు తగలబడ్డాయి. ఆ దెబ్బకు ఊరు ఖాళీ చేసి పారిపోయినవాళ్లు ఎందరో.

భోజనం ఈ చుట్టుపక్కలే, ప్యారిస్ కార్నర్ సందుల్లో. ఆంధ్ర భోజనం చెన్నైలో దొరకని పేట లేదు, అయినా వచ్చాక పచ్చడి కోసం వెతకడం ఎందుకు, వత్తకుళంబు అనే తమిళుల పులుసు తినండి.

మధ్యాహ్నం మూడున్నర: మెరీనా

కారున్నవాళ్లు తీరం రోడ్డు పట్టుకుని దక్షిణానికి వస్తే సరి. మెట్రో పనుల వల్ల ఈ దారి మలుపులు మారుతుంటాయి, అరగంట ఎక్కువే వేసుకోండి. కారు లేనివాళ్లు చెన్నై ఫోర్ట్ స్టేషన్‌లో వేళచ్చేరి వైపు వెళ్లే పైవంతెన రైలెక్కితే లైట్‌హౌస్ పేరుతోనే స్టేషన్ ఉంది. అక్కడి నుంచి సముద్రం వైపు నడక.

ఈ కట్టడం మూడు మూలలది. కాంక్రీటు, ఎరుపు తెలుపు పట్టీలు, 46 మీటర్లకు కాస్త తక్కువ ఎత్తు, పదకొండు అంతస్తులు. లిఫ్ట్ ఉన్న లైట్‌హౌస్ మన దేశంలో అరుదు. ఇక్కడ మీ అమ్మానాన్నలను, చంటిపిల్లలను నిశ్చింతగా పైకి తీసుకెళ్లవచ్చు. అందుకే దీన్ని రోజు చివర పెట్టాను. అందం విషయంలో పొద్దున్నటి రాతి బురుజుకు ఇది సాటిరాదు, నిజం. కానీ పై వరండా నుంచి చూసే దృశ్యం మాత్రం దీనిదే. ఉత్తరాన మెరీనా ఇసుక రేవు దాకా చాచుకుని ఉంటుంది. దక్షిణాన శాంథోమ్ చర్చి తెల్లటి శిఖరం. సరిగ్గా కింద నొచ్చికుప్పం జాలర్ల ఇళ్లు, పడవలు, ఎండబెట్టిన వలలు.

ఉత్తరం వైపు దూరదర్శిని పట్టి, రేవు క్రేన్లకు కాస్త ఇవతల, హైకోర్టు గోపురం వెతకమని పిల్లలకు పందెం పెట్టండి. దొరికితే పాత చిరునామాను కొత్త చిరునామా నుంచి చూసినట్టే.

పైన నిలబడి ఉన్నప్పుడే ఒక చిన్న లెక్క. మీ కన్ను ఎన్ని మీటర్ల ఎత్తున ఉందో, దాని వర్గమూలాన్ని 3.57తో గుణిస్తే, సముద్రం మీద మీకు కనిపించే అంచు ఎన్ని కిలోమీటర్ల దూరమో వస్తుంది. 46 మీటర్లకు దాదాపు 24 కిలోమీటర్లు. ఒడ్డున నిలబడ్డవాడికి అయిదు కిలోమీటర్లు కూడా రాదు. దీపాన్ని గుళ్లూ కోర్టులూ ఎక్కించడం వెనక ఉన్నదంతా ఈ గుణకారమే. రాత్రి మహాబలిపురం డాబా మీద నుంచి చెన్నై దీపం కనిపిస్తుందా అని ఎవరో ఒకరు తప్పక అడుగుతారు. డాబా పది మీటర్ల ఎత్తు అనుకుంటే దానికి 11 కిలోమీటర్లు, దీపానికి 24, కలిపితే 35. రెండు ఊళ్ల మధ్య నేరుగా 45 కిలోమీటర్ల పైనే. కాబట్టి కనిపించదు. మధ్య సముద్రంలో ఎత్తయిన ఓడ పైఅంతస్తులో ఉన్నవాళ్లకు మాత్రం ఒకటి కనుమరుగయ్యేలోపే ఇంకోటి అందుతుంది.

ఐదుకు కిందికి దింపేస్తారు. వెంటనే బయల్దేరండి. ఇసుకలో సుండల్, బజ్జీ అంటూ ఆగారా, అడయారు, తిరువాన్మియూరు దాటేసరికే చుక్కలు కనిపిస్తాయి, మనకు అవసరమైనవి కావు.

రాత్రి డాబా మీద

ఏడున్నర, ఎనిమిది మధ్య బస చేరతారు. భోజనం అయ్యాక డాబా మీదికి నోటు పుస్తకం, ఫోను పట్టుకెళ్లండి. అక్కడి లైట్లు ఆర్పించండి. కళ్లు చీకటికి అలవాటు పడటానికి పది నిమిషాలు పడుతుంది, ఆ లోపు ఫోను తెర వైపు చూడవద్దు.

ప్రతి లైట్‌హౌస్‌కూ తనదైన లయ ఉంటుంది. ఎన్ని సెకన్లకు ఎన్ని మెరుపులు అనేదే దాని సంతకం. ఓడలో ఉన్నవాళ్లు ఆ లయను లెక్కపెట్టి, దీపాల పట్టికలో చూసి, తాము ఏ తీరం ఎదుట ఉన్నారో పోల్చుకుంటారు. ఇప్పుడు ఉపగ్రహాలున్నాయి, రాడార్లున్నాయి. అవి మొరాయించినప్పుడు మిగిలేది ఇదే. మీరు చేయాల్సింది కూడా ఓడలోని మనిషి చేసే పనే.

ఒకరు మెరుపు పడగానే "ఒకటి" అనాలి, ఇంకొకరు ఫోనులో గడియారం నొక్కాలి. ఒక్క విరామం కొలిస్తే చేతి వేగం వల్ల తప్పు వస్తుంది. అందుకని మెరుపుల వరుస పదిసార్లు పూర్తయ్యేదాకా కొలిచి పదితో భాగించండి. మెరుపులు జంటగా వస్తున్నాయా, ఒంటరిగానా అన్నది ముందే గమనించాలి. జంటను ఒకటిగా లెక్కపెట్టాలి. ఇద్దరు వేర్వేరుగా కొలిచి పుస్తకంలో రాసుకుని తర్వాత పోల్చి చూస్తే ఇంకా మంచిది, ముందే చెప్పుకుంటే రెండోవాడు మొదటివాడి అంకెనే తెచ్చేస్తాడు. గాలిలో తేమ ఉంటే కిరణాలు చక్రం ఆకుల్లా తిరుగుతూ తల మీదుగా పోవడం కూడా కనిపిస్తుంది. వెన్నెల లేని రాత్రి అయితే మరీ బాగా తెలుస్తుంది, తేదీ ఎంచుకునేటప్పుడే పంచాంగం చూసుకోండి.

మబ్బు పట్టి ఏమీ తేలకపోతే తెల్లవారుజామున నాలుగున్నరకు మళ్లీ ఒకసారి మేడెక్కండి, అప్పటికి చాలావరకు ఆకాశం విప్పారుతుంది. మర్నాడు గది ఖాళీ చేసి వెళ్తూ లైట్‌హౌస్ టికెట్ల గది దగ్గర ఆగి, సిబ్బందిని అసలు లెక్క అడగండి. సగం సెకను లోపు తేడా ఉంటే మీరు నెగ్గినట్టే. అంతకు మించితే మాత్రం పుస్తకంలో ఎవరి చేతిరాత ఉందో చూసి, దారిలో టిఫిను ఖర్చు వాళ్ల చేత పెట్టించండి.